కిటికీ పక్కన నీలం రుమాలు

మొన్న ఆదివారం మా మనవరాలు భోజనానికి లేవకుండా ఫోను ముందే కూర్చుంటే, ఉద్యోగంలో చేరాక కూడా ఈ పాఠాలేమిటని కాస్త విసుక్కున్నాను. మెదడు మీద పరిశోధన జరిగేచోట సహాయకురాలిగా పనిచేస్తోంది లెండి. అలాంటి పనిలో ఉన్న పిల్లలంతా ఒక గ్రూపు పెట్టుకున్నారట, తెలియనిది అడిగితే ఎవరో ఒకరు చెబుతారట, అప్పుడప్పుడూ ఇలా క్లాసులూ ఉంటాయట. వింటూ ఉంటే నాకు అనకాపల్లి స్టేషనూ, పొద్దుటి పాసింజరూ, ఆడవాళ్ళ పెట్టెలో కిటికీ పక్కన పరిచిన నీలం రుమాలూ కళ్ళలో మెదిలాయి.

అరవైల్లో బి.యస్సీ. అయ్యాక, విశాఖలో మెదడు మీద పరిశోధన చేసే ఒక డాక్టరుగారి దగ్గర నేనూ అదే పనిలో చేరాను. మెదడు ముక్కను కరిగిన మైనంలో ఉంచి, గట్టిపడ్డాక ఉల్లిపొర కన్నా పల్చగా కోయాలి. నేను కోస్తే పొడిపొడిగా రాలిపోయేది. ఇంకొక్కటి పాడైతే వేరే మనిషిని చూసుకుంటానని డాక్టరుగారు మర్యాదగానే చెప్పారు. ఆడపిల్లకు రైలెక్కి ఉద్యోగాలెందుకని మొదటినుంచీ గొణుగుతున్న మా నాన్నకు ఆ మాట చాలు, మర్నాడే మాన్పించేస్తారు. నాకేమో ఆ పనంటే ప్రాణం.

మా పెట్టెలో వేరువేరు లాబుల్లో పనిచేసే ఆడవాళ్ళం కొందరం ఉండేవాళ్ళం. ఇడ్లీలు పంచుకున్నట్టే, ఒకరికి తెలిసిన పని ఇంకొకరికి చెప్పుకునేవాళ్ళం. మాకు మరో బడి లేదు. అందరిలోకీ పెద్దది బజారులో బట్టల కొట్టు సాయిబుగారి ఆడపడుచు, వాళ్ళిళ్ళల్లో అక్కను పిలిచినట్టే అందరం ఆపా అనేవాళ్ళం. తన లాబులోనూ ఈ మైనం పనే. ముందుగా ఎక్కి నాకోసం సీట్లో రుమాలు వేసి ఉంచేది. ఆ పొద్దున నా మొహం చూసి, "ఏటైందే? మైనం ఎలా కాత్తన్నావో సెప్పు," అంది.

మునగపాకలో మా తాతగారు బెల్లం పాకం చూసినట్టే చూస్తున్నానని కాస్త గర్వంగానే చెప్పాను. నీళ్ళలో చుక్క వేస్తే ఉండ కట్టాలి, అయినా ఎందుకైనా మంచిదని ఇంకాస్త మరిగిస్తాను. పెట్టంతా గొల్లున నవ్వింది. ఆపా మాత్రం నవ్వలేదు.

"మైనం బెల్లం కాదే తల్లీ. ఎప్పుడేసినా ఉండ కడతాది. కరిగితే సాలు, కాగనియ్యకు. నీ మంటకి ఆ ముక్క అప్పడమైపోతంది."

అంతటితో ఊరుకోక, మధ్యాహ్నం తన భోజనం మానుకుని మా లాబుకు వచ్చి, మైనం కరిగేదాకా నా పక్కనే నిలబడింది. మర్నాడు కత్తి కింద నుంచి పొర చిరగకుండా రిబ్బనులా వచ్చింది. డాక్టరుగారు చూసి, ఇంకో ముక్క ఇచ్చి కోయమన్నారు. ఆయన మెచ్చుకోవడమంటే అంతే. సాయంత్రం రైల్లో నేను ఏడ్చాను, ఆపా కూడా ఏడ్చింది.

కొన్నాళ్ళకు ఆపాకు వేరే ఊళ్ళో పని దొరికింది. వెళుతూ ఆ రుమాలు నా చేతిలో పెట్టి, కొత్తగా వచ్చే పిల్లకు వెయ్యమంది. చాలాకాలం వేశాను.

ఇదంతా చెబితే మా మనవరాలు నవ్వి, "మైనం సంగతి మా గ్రూపులో అడిగితే నిమిషంలో చెప్పేస్తారు అమ్మమ్మా," అంది. నిజమే, మంచిదే, మాకు అంత అదృష్టం లేదు. పోయిన నెల దాని ప్రయోగం ఒకటి పాడైనప్పుడు కూడా అలాగే పదిమంది జవాబు చెప్పారట. ఆ పూట మాత్రం గదిలో ఒక్కతే ఏడ్చి, అన్నం తినకుండా పడుకుందట.