జోజప్ప గుడి దిమ్మె కింద

మా నాన్న హనుమంతు పోయి ఇంకా ఏడాది కాలేదు. బెంగళూరులో కాడుగోడి స్టేషను వెనక సందులో ఉన్న జోజప్ప గుడి ముందునుంచి వెళ్లాల్సి వస్తే, నేను ఇప్పటికీ అవతలి పక్కకు మారి నడుస్తాను. ఆ గోడలు ఆయన కట్టినవే.

కట్టించింది ఫాదర్లు కాదు. కడప వైపునుంచి పనికొచ్చిన కథోలిక మేస్త్రీలు, పెయింటర్లు కలిసి, పనివాళ్లను కాచే పునీతుడు జోజప్ప పేరిట సభ పెట్టుకున్నారు. వారమంతా వైట్‌ఫీల్డ్‌లో ఇంకొకరి ఇళ్లు కట్టి, ఆదివారం చర్చిలో పూజ అయ్యాక ఈ చిన్న గుడి కట్టుకున్నారు. సభ పెద్ద శౌరప్ప, మా నాన్న ఒకే జట్టులో పనిచేసేవాళ్లు. మేం హిందువులం. అయినా శౌరప్ప గోడలకు మా నాన్ననే పిలిచాడు. అప్పటినుంచి ఏటా మార్చిలో, జోజప్ప పండగకు ముందు, సున్నం వేసే పనీ ఆయనదే.

శౌరప్ప చనిపోయాక మరియదాసు సభ పెద్ద అయ్యాడు. హూడిలో ఆఫీసు ఉద్యోగం. ఆ ఏడు సున్నానికి వేరేవాళ్లను పిలిచారని విని నాన్న వెళ్లి అడిగాడు.

"ఏమప్పా, నా చెయ్యి వణుకుతాండాదని ఎవరన్నా చెప్పినారా?"

"అది కాదు పెద్దాయనా. దిమ్మె కింద నువ్వేదో పెట్టినావంట. చూసినోళ్లు ఉండారు."

నాన్న ఏ ఇంటి పునాదిలోనైనా నవధాన్యాలు వేసేవాడు. అది అందరికీ తెలుసు. అందుకే జోజప్ప స్వరూపం, అంటే ఆయన ప్రతిమ, నిలబెట్టిన దిమ్మె కింద కూడా ఏదో పూజ చేసి పూడ్చి ఉంటాడని సభలో మాట పాకింది. విగ్రహమని ఒకరు, తాయెత్తని ఒకరు. ఇంట్లో మా అమ్మ ఆదెమ్మ కూడా ఊరుకోలేదు.

"పెట్టినావా లేదా? నాకన్నా చెప్పు."

"పెట్టినా. ఏం పెట్టినానో అడగొద్దు."

ఆ జవాబుతో నాకూ అనుమానం పట్టుకుంది.

దిమ్మె పగలగొట్టాలని సభ తీర్మానించింది. ఇంకెవరూ దానిమీద చెయ్యి వేయకూడదని నాన్నే సుత్తి, ఉలి తీసుకొని బయలుదేరాడు. నేనూ వెంట వెళ్లాను. స్వరూపాన్ని పక్కకు దించారు. నాన్న ఉలి దెబ్బలకు దిమ్మె మీది పలక లేచింది. ఇటుకల మధ్య, మూతికి గుడ్డ కట్టిన మట్టి ముంత. తాకగానే గుడ్డ పొడైపోయింది. లోపల ఎర్రమన్ను, అంతే.

"మంత్రించిన మన్నేమో," వెనకనుంచి ఎవరో అన్నారు.

నాన్న ముంత మూతిమీద చెయ్యి అడ్డం పెట్టాడు. ఆడవాళ్లలోంచి శౌరప్ప భార్య లూర్దమ్మ లేచింది.

"మంత్రం లేదు, గింత్రం లేదు. మా అత్త సమాధి మన్ను అది. ఆమె జ్ఞానస్నానం తీసుకోకనే పోయింది. సభకు పెద్దగా ఉండి ఆ మాట చెప్పుకోలేక, మా ఆయనే ఊరినుంచి మన్ను తెచ్చి హనుమంతన్న చేత పెట్టించినాడు. ఎవురికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్యాడు. చచ్చిపోయినోళ్లను తలుచుకునే ఆత్మల పండగకు ఊరికి పోలేక ఈడనే కొవ్వొత్తి పెడతాండె."

గుసగుసలు మొదలయ్యాయి. ముసలామె మా నాన్నను కాపాడడానికే ఈ కథ అల్లిందని కొందరన్నారు. మరియదాసు ఆమె ముఖం చూశాడు, ముంత చూశాడు. "సరే, ఎక్కడిది అక్కడే పెట్టు" అన్నాడు. కానీ సెల్‌ఫోను లైటు వేసుకొని నాన్న భుజం పక్కనే నిలబడ్డాడు.

నాన్న ముంత లోపల దించి, ఇటుకలు పేర్చి, సిమెంటు పూశాడు. పలక వేసే ముందు తలెత్తాడు.

"ఇంకా దగ్గరికి రాప్పా. బాగా చూసుకో. మళ్లా తవ్వల్లంటే నేనుండను."

మరియదాసు ఇంకొంచెం వంగి చూశాడు.