బరువు పక్కన ఎత్తు రాసిన టీచరమ్మ

మా అంగన్‌వాడీ టీచరమ్మ పోయిన మంగళవారం తెల్లవారుతుండగా కన్నుమూసింది. సిరిసిల్లలో నేను డ్యూటీకి బయలుదేరుతుంటే కోరుట్ల నుంచి అమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, టీచరమ్మ పోయింది. నిద్రల్నే పోయిందట" అన్నది. ఫోన్ మాత్రం పెట్టేయలేదు. అమ్మ ఊపిరి వింటూ నేను మెట్ల మీద కూర్చున్నాను.

ఆమె గురించి పేపర్లో రాదు. బీడీలు చుట్టే మా వాడలో, ఒక అద్దె గదిలో ఏండ్ల తరబడి పిల్లలకు అన్నం పెట్టింది, బరువులు తూచింది, ఎత్తులు కొలిచింది. ఆమెకు వేరే పేరుందని నాకు పదో తరగతిలో గానీ తెలియలేదు. వాడంతటికీ టీచరమ్మే. అందుకే ఈ నాలుగు మాటలు నేను రాస్తున్నాను.

కొలతల రోజు ఆమెకు పండగ. బడికి పోయే పెద్దపిల్లలను కూడా ఏడాదికోసారి పిలిపించేది. కాటా ఎక్కే ముందు కాళ్ల పట్టీల నుంచి జేబులోని గోలీల దాకా అన్నీ తీయించేది. ఎత్తు కొలిచేటప్పుడు మా మడిమలు గోడకు ఆనేలా తన పాదంతో మెల్లగా నెట్టేది. "సూపు ముందట పెట్టు, ఊపిరి పీల్చుకో" అంటూ గట్టి అట్ట రిజిస్టరును నెత్తి మీద అడ్డంగా పెట్టి, గోడ మీద పెన్సిల్‌తో గీత గీసేది. అంకె మాత్రం పైకి చదివేది కాదు. కాటాకు అరచెయ్యి అడ్డం పెట్టి, ఎవరిది వాళ్లకు చెవిలో చెప్పేది. ఇంకొకరు తొంగి చూస్తే, "ఎవలది వాళ్లకే. పక్కోళ్లది నీకేం పనే?" అని కసిరేది. లావుగా ఉన్న పిల్లలూ బక్కగా ఉన్న పిల్లలూ మిగతా చోట్ల ఎంత ముడుచుకుపోయినా, ఆ గదిలో మాత్రం నిటారుగా నిలబడేవాళ్లు.

నాకు పన్నెండేళ్లప్పుడు తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బడులు మూతపడ్డాయి, బస్సులు డిపోలు దాటలేదు. ఆ రోజుల గురించి నా ఈడువాళ్లు చెప్పుకుంటుంటే నాకు ఈర్ష్యగా ఉంటుంది. వాళ్లకు ఊరేగింపులు గుర్తున్నాయి, పాటలు గుర్తున్నాయి. నాకు గుర్తున్నది నిద్ర.

అదొక వింత నిద్ర. అమ్మ పక్కన బీడీల తునికాకు కత్తిరిస్తూ కూర్చునేదాన్ని. వీధిలో డప్పులు మోగేవి. నీళ్ల అడుగున కూర్చుని వింటున్నట్టు ఆ చప్పుడు మెత్తగా, ఎక్కడి నుంచో వచ్చేది. కత్తెర చేతిలో ఉండగానే కళ్లు మూతపడేవి. మధ్యాహ్నపు ఎండలో కూడా చలి వేసి దుప్పటి కప్పుకునేదాన్ని. బతుకమ్మ పాట మొదలవుతుంటే గద్దె మీద కూర్చుంటాను, కళ్లు తెరిచేసరికి ఆడవాళ్లు వెళ్లిపోయి ఉంటారు, వాకిట్లో నాలుగు తంగేడు రెక్కలు మిగిలి ఉంటాయి. నిజం చెప్పాలంటే ఆ మబ్బు నాకు హాయిగానే ఉండేది. అమ్మ మొద్దునిద్ర అని విసుక్కునేది. బుగ్గలు ఉబ్బి, ఒళ్లు బొద్దుగా ఉండేది కాబట్టి జబ్బని ఎవరికీ తోచలేదు.

టీచరమ్మ కూడా సమ్మెలో ఉంది. పగలంతా శిబిరంలో కూర్చుని, సాయంత్రం ఇంటింటికీ వచ్చి పిల్లలను చూసి పోయేది. ఒక సాయంత్రం మా గడపలో నిలబడి నన్నే చూస్తూ ఉండిపోయింది.

"అక్కా, ఈ లంగ ఎప్పటిది?" అని అమ్మను అడిగింది.

"ముందటేడు బతుకమ్మకు కుట్టిచ్చిన. నడుం కాడ బిగుతైంది, కొత్తది కుట్టియ్యాలె."

"నడుం కాడ బిగుతైంది సరే. అంచు ఇంక పాదాల మీదనే ఉన్నదేంది?"

అప్పటికప్పుడు నన్ను తీసుకుపోయి గది తాళం తీసింది. గోడకు నిలబెట్టి గీత గీసింది. కొత్త గీత రెండేళ్ల కిందటి గీత మీదే పడింది. వేలితో తుడిచి మళ్లీ కొలిచింది. మూడోసారి కూడా అక్కడే పడింది. అప్పుడు లాంతరు బుడ్డిలా గుండ్రంగా ఉండే నన్ను ముందు పెట్టుకుని, ట్రైనింగ్‌లో ఇచ్చిన పట్టిక తీసి, బరువును ఎత్తుతో రెండుసార్లు భాగించి, నా వయసు ఎదుట వేలు పెట్టి చాలాసేపు చూసింది.

మర్నాడు అమ్మకూ ఆమెకూ మాటామాటా వచ్చింది. నాయిన దుబాయిలో ఉన్నాడు, ఏదైనా అమ్మే తేల్చుకోవాలి.

"పిల్ల బొద్దుగ మంచిగుంటె రోగమంటవేంది టీచరమ్మా? దిష్టి పెడుతున్నవా?"

"బరువొక్కటే సూస్తె మంచిగనే ఉన్నదక్కా. ఎత్తు, వయసు, బరువు మూడు కలిపి సూడాలె. పిల్ల రెండేండ్ల సంది పెరుగుతలేదు. జగిత్యాల దవాఖానకు పోదాం పా."

అమ్మ రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున తనే నా జడ వేసి, "పోదాం" అన్నది.

బస్సుల్లేవు. వాడలో ఒకాయన తన ఆటో తీశాడు. నేను మధ్యలో కూర్చుని టీచరమ్మ భుజం మీద తల వాల్చాను. నిద్రపోయాననుకుని ఆమె అమ్మతో మెల్లగా అన్నది: "పోయినేడు దీని ఎత్తు నేను కొలువలేదక్కా. బరువు మంచిగుందని రాసుకొని ఊకున్న. కొలిస్తె అప్పుడే తెలుస్తుండె. తప్పు నాది." అమ్మ నా మీదుగా చెయ్యి చాచి ఆమె చెయ్యి పట్టుకున్నది. నేను కళ్లు తెరవలేదు.

దారిలో ఒక ఊరి దగ్గర రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఒకతను ఆటోకు అడ్డం వచ్చాడు. "బంద్ అని తెల్వదా?" అన్నాడు. టీచరమ్మ దిగింది.

"నేను గూడ సమ్మెలనే ఉన్న తమ్మీ. కని పిల్ల ఎదుగుడుకు సమ్మె లేదు గద. ఇప్పుడు పోకుంటె ఇది గింతనే ఉండిపోతది."

అతను నన్ను చూశాడు. పక్కకు జరిగి చెయ్యి ఊపితే జనం దారి ఇచ్చారు. ఒక ముసలమ్మ విస్తరాకులో వేడి అన్నం, పప్పు పెట్టి ఆటోలోకి అందించింది. ఆ పొగ, ఆ జెండాలు, ఆ పప్పు వాసన — ఉద్యమమంటే ఇప్పటికీ నాకు అదే.

జగిత్యాలలో డాక్టరమ్మ రిజిస్టరులోని నా పేజీని రెండుసార్లు చూసింది. రక్తం తీయించింది. గొంతు దగ్గరి థైరాయిడ్ గ్రంథి దాదాపు పని చేయడం మానేసిందని నాలుగు రోజులకు తేలింది. ఇంకొన్నేళ్లు పోతే ఎముకల ఎదుగుదల ముగిసిపోయేదట. రోజూ పరగడుపున ఒక చిన్న మాత్ర రాసిచ్చింది.

కొన్ని వారాలకు ఒక పొద్దున నాకు మెలకువ వచ్చింది. నిజమైన మెలకువ. పక్కింట్లో చాటతో బియ్యం చెరుగుతున్న చప్పుడు విడివిడిగా వినపడింది. పరుగెత్తుకుంటూ పోయి టీచరమ్మకు చెప్పాను. ఆమె నవ్వి, కొంగుతో కళ్లు తుడుచుకుని, "చెప్పులు విడిచి గోడకు నిలబడు" అన్నది.

ఆ తర్వాత ఆమె వాడలో ఏ పిల్లనూ ఉత్త బరువుతో పోనివ్వలేదు. బడి మానేసిన ఆడపిల్లలను కూడా బీడీల చాటల ముందు నుంచి లేపి మరీ కొలిచేది. "ఒక్క నెల కొలతతోని ఏం తెల్వది, గీత ఎటు పోతున్నదో సూడాలె" అనేది. నేను నర్సు చదువుకు పోయేనాడు నాకు చెప్పిన జాగ్రత్త కూడా ఒక్కటే: "మంచిగున్నట్టు కనవడ్డోళ్లను గూడ కొలువు బిడ్డా."

మంగళవారం రుద్రంగి మీదుగా బస్సులో కోరుట్ల చేరేసరికి పాడె సిద్ధమైంది. మోయడానికి వాడ పిల్లలే ముందుకొచ్చారు. అందరూ ఆమె కొలిచినవాళ్లే. ఒకడు ఆరడుగులు, ఒకడు పొట్టి, ఇద్దరు మధ్యస్థం. భుజాలకు ఎత్తుకోగానే పాడె ఒక పక్కకు ఒరిగింది. ఎవరూ చెప్పకుండానే పొడుగైనవాళ్లు మోకాళ్లు కొంచెం వంచారు. పాడె సమంగా నిలిచింది. మక్కచేల మధ్య దారిలో, చివరిదాకా వాళ్లు అట్లా వంగే నడిచారు.