ఖాళీగా వదిలిన చుక్కలు

ఉద్దానం తోటల్ని తుఫాను తినేసిందని అందరూ అంటారు. పేపర్లు అంటాయి, మైకు దొరికినవాళ్ళు అంటారు, చివరికి మా ఇంట్లోవాళ్ళూ అంటారు. నేను ఒప్పుకోను. తుఫాను కొబ్బరిని కూల్చింది, జీడిని వేళ్ళతో సహా పెకలించింది, ఎవరు కాదన్నారు? మరి తుఫాను దాటిపోయాక కూడా నిలబడ్డ చెట్లు ఏమయ్యాయి? గాలి వెనక్కి వచ్చి రంపం పట్టుకుందా?

ఈ మాట నోటితో అంటే నన్ను గయ్యాళి కింద జమకట్టేస్తారు. అందుకే సాక్ష్యం వెతికాను. టెక్కలి కాలేజీలో బోటనీ చదివింది వంటింట్లో తాలింపు పెట్టడానికి కాదు కదా. ఉపగ్రహం తీసిన మా తీరం ఫోటోలు ఫోన్లోనే దొరుకుతాయి. తుఫానుకు ముందుది, తుఫాను పోయిన వెంటనేది, ఇప్పటిది పక్కపక్కన పెట్టి చూశాను. రెండోదానిలో పచ్చగా ఉన్న చోట్లు మూడోదానిలో బోడిగా ఉన్నాయి. ఒకచోట లేఅవుటు రాళ్ళు, ఒకచోట రొయ్యల చెరువు, మరోచోట ఉత్త ఇసుక.

వీధిలో చూపిస్తే, ఏటో మచ్చల్లా ఉన్నాయని ఫోను తిరిగిచ్చారు. సరే, ముగ్గయితే కంటికి ఆనుతుందనుకున్నాను. అప్పటికి మా ఊరికీ సముద్రానికీ మధ్య ఒక్క సరుగుడు తోపే మిగిలింది. గాలి మా కప్పుల మీద పడకుండా, ఇసుక మా బావుల్లో పడకుండా కాసేది అదే. దాన్ని కొట్టేసి రిసార్టు కట్టుకుంటామని ఎవరో సర్కారును అనుమతి అడిగారు. స్థలం చూసి తేల్చడానికి ఆఫీసరు వస్తున్నాడు.

ఆ ఉదయం సామాజిక భవనం ముందు కళ్ళాపి చల్లి, మా ఊరి పటాన్ని చుక్కల ముగ్గుగా వేశాను. ఒక్కో చుక్క ఒక్కో తోట. నిలిచి ఉన్నవి తెల్లపిండితో, తుఫాను కూల్చినవి ఇటుకపొడితో. మనుషులు నరికినవాటికి చుక్క పెట్టలేదు, ఖాళీగా వదిలేశాను. ఖాళీలే ఎక్కువ. చూసినవాడికి సిగ్గేయాలి. ఏ రంగు దేనికో అట్టముక్క మీద రాసి పక్కన పెట్టి, స్నానానికి ఇంటికి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి జీపు ఆగి ఉంది. ముగ్గు నిండుగా ఉంది. లేఅవుటు ఉన్నచోట తెల్లచుక్క, రొయ్యల చెరువు మీద తెల్లచుక్క. చుట్టూ మా వీధి ఆడవాళ్ళు, ముందు మా తోడికోడలు, చేతికి పిండి.

"ఏటి సెల్లీ, సగం సుక్కలు మర్సిపోనావు? సుక్కలు తప్పిన ముగ్గు ఊరి మొగదల ఉంటే మంచిదేటి? మేం పెట్టీసినాం," అంది. నేను మెచ్చుకుంటానని ఎదురుచూసింది కూడా.

ఆఫీసరు అట్ట చదివాడు, ముగ్గు చూశాడు. ఎరుపు కాస్త, మిగతాదంతా తెలుపు. "తుఫాను దెబ్బ నుంచి బాగా తేరుకున్నారమ్మా. ఇన్ని తోటలుండగా ఆ ఒక్క తోపు కోసం గొడవెందుకు?" అన్నాడు.

గొంతు పోయేలా వాదించాను. ఫోను తీసి చూపిస్తే ఆ ఎండలో తెర మీద అతని మొహమే అతనికి కనబడింది. మీరు వేసిన ముగ్గే కదమ్మా అని ఫోటో తీసుకుని జీపెక్కాడు. ఆ ఫోటో పేపర్లోనూ వచ్చింది, తుఫానును గెలిచిన పల్లె అని.

ఇప్పుడు తోపు లేదు. దుంగలు లారీలెక్కి పలాస వైపు పోయాయి. తలుపు కింద నుంచి ఇసుక వంటింట్లోకి వస్తోంది, అన్నంలో పళ్ళ కింద కరకరలాడుతోంది. మా తోడికోడలు రోజూ చిమ్ముకుంటూ, అంతా ఆ తుఫాను సేసిన పనే సెల్లీ అంటుంది. తుఫానుకు తట్టుకుని నిలబడ్డ తన జీడితోటని కొట్టించింది ఆవిడే. రంపపు పనివాళ్ళకి టీ కాచి స్వయంగా పట్టుకెళ్ళింది కూడా.

నేనడిగినప్పుడల్లా చీపురు పట్టుకుని పక్క గదిలోకి పోతుంది గానీ, నేను అడగడం మానలేదు. ముగ్గులో నాలుగు చుక్కలు లేకపోతే ఊరికి అరిష్టమని పరిగెత్తుకొచ్చావే అక్కా, నీ తోట నేలకొరుగుతుంటే గ్లాసుల్లో టీ పోస్తూ ఎలా నిలబడ్డావు?