దున్నని మడిలో గోధుమ

రిటైర్మెంటుకు ఐదేళ్ల ముందు, ఒక నవంబరు మొదటి వారంలో, నేను రుద్రవరం మండల వ్యవసాయ అధికారిగా చేరాను. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. చేరిన కొద్ది రోజులకే సారమ్మ అనే రైతు ఆఫీసుకు వచ్చి గోధుమ విత్తనం అడిగింది. మా ప్రాంతంలో గోధుమ వేసేవాళ్లు లేరు. పైగా ఆమె దున్నకుండా విత్తాలంటుంది. దుక్కి లేకుండా, వరి కోసిన కొయ్యకాళ్ల మధ్యే విత్తే ఆ పద్ధతిని మేము జీరో టిల్లేజ్ అంటాం. ఆ సంగతి ఆమె రైతు శిక్షణలో విన్నదట.

కారణం అడిగితే ఇంటి సంగతి చెప్పింది. భర్త దేవదానానికి పక్షవాతం వచ్చి కుడి చేయి పడిపోయింది. ఆయన దున్నే ఎద్దులను అమ్మేశారు. అప్పటినుంచి ఆయన చేను ముఖం చూడలేదు, ఇంట్లో మాటా తగ్గిపోయింది.

"ఇంగొకరి ట్రాక్టరు మా మడిలో దిగితే ఆయప్ప తట్టుకోల్యాడు మేడం. వరి, జొన్న అంటే తెలిసిన పైర్లు, తలెత్తి సూడడు. తెలియనిదేస్తే ఏందీ అనన్నా అడుగుతాడు గదా" అంది.

పరిశోధన కేంద్రానికి ఉత్తరం రాసి, ఇరవై సెంట్లకు సరిపడా విత్తనం తెప్పించాను. తాడు పట్టి, కర్రతో గుంటలు చేసి, విత్తనం వేసి, పైన పలుచగా వరిగడ్డి పరిచాం. గోధుమకు తొలి తడి ముఖ్యం. ఇరవై ఒకటో రోజు ప్రాంతంలో మొదలు దగ్గర అసలు వేర్లు పుడతాయి, అప్పుడు నీళ్లు అందకపోతే పైరు కోలుకోదు. మాకు కాలువ నీళ్ల వంతు పదిహేడో రోజున పడింది. మళ్లీ వంతు ఇరవై ఏడో రోజున. వచ్చిన నీళ్లు వదులుకోవద్దని చెప్పాను.

పదిహేడో రోజు పొద్దున నేను వెళ్లేసరికి దేవదానం గట్టు మీద కూర్చుని ఉన్నాడు. సారమ్మ చేయి పట్టుకుని మెల్లగా నడిపించుకొచ్చిందట. ఆయన ఎడమ చేత్తో గడ్డి పక్కకు జరిపి, మట్టి తవ్వి, పిడికిట్లో నొక్కి చూశాడు.

"ఇప్పుడొద్దు. అడుగున పదునుంది. నీళ్లు పెడితే పైరు పసుపెక్కుతాది" అన్నాడు. పదునంటే మట్టిలో నిలిచిన తేమ. మాట నత్తినత్తిగా వచ్చింది.

నాకు భయం వేసింది. వంతు వదిలేశాక పైరు ఎండితే, విత్తనం తెప్పించి వేయించినదాన్ని నేనే. నేనూ తవ్వి చూశాను. పక్క రైతు దున్నిన చేనులో మట్టి పొడిపొడిగా రాలుతోంది, ఇక్కడ గడ్డి కింద ముద్దవుతోంది. ఆయన మాటే విన్నాను. ఆ వంతు పక్క రైతుకు ఇచ్చాం.

తర్వాతి పది రోజులూ ఆయన రోజూ చేనికి వచ్చి మట్టి పట్టి చూశాడు. ఇరవై ఏడో రోజు తడి పెట్టాం. పైరు పచ్చగానే నిలిచింది. ఆ రోజు సారమ్మ నన్ను పక్కకు పిలిచి, "నాతోనే మాట్లాడనోడు, నీళ్లు ఆలస్యమయినాయని లష్కరుతో కొట్లాడినాడు మేడం" అని చెప్పి కొంగుతో కళ్లు తుడుచుకుంది. లష్కరంటే కాలువ నీళ్లు వదిలే మనిషి.

గింజ పాలు పోసుకునే వేళకు ఎండలు ముదిరాయి. గింజ సన్నబడింది. ఈ మండలానికి గోధుమ సిఫారసు చేయలేమనీ, దున్నకుండా విత్తడం మాత్రం వరి తర్వాత జొన్నకు, మొక్కజొన్నకు పనికొస్తుందనీ నివేదిక రాశాను. మరుసటేడు ఆ మడిలో వాళ్లు జొన్న వేశారు, దున్నకుండానే. ఎప్పుడు తడి పెట్టాలో దేవదానమే చెప్పాడు.

అప్పటినుంచి తడి తేదీ చెప్పే ముందు మట్టి పట్టి చూసేదాన్ని. దుక్కి మానమని చెప్పే ముందు ఆ ఇంట్లో దున్నేది ఎవరని అడిగేదాన్ని. మేము ఖర్చు తగ్గిందని రాసుకునే చోట ఒక మనిషికి పని పోతుంది. ఆ మనిషికి చేనులో ఇంకో పని చూపించడం కూడా మా ఉద్యోగంలో భాగమే.