బ్యాటరీ పీకిన కారు

ఒక వెదురు గంప దానంతటది నడుచుకుంటూ వచ్చి మీ అమ్మ కాళ్ల దగ్గర ఆగిందనుకోండి. మీరు గంపను నమ్ముతారా, అమ్మనా?

తొందరపడి జవాబు చెప్పకండి. చెప్పినవాళ్లను నేను చూశాను.

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. వేదిక మీద ఎవరైనా చేతబడి అన్న మాట ఎత్తితే లేచి నిలబడి, నిరూపించమని అడిగే మనిషిని. ఇది రాయడం నాకు ఇష్టం లేదు. కానీ ఇన్నేళ్లూ నిజం చెప్పమని అందరినీ నిలదీసి, నా వంతు వచ్చేసరికి నోరు మూసుకుంటే నాకూ గంప తిప్పేవాడికీ తేడా ఏముంది?

రాజోలు అవతల ఒక లంక ఊరు. పేరు రాయను. అక్కడ సుగుణమ్మ గారు ఒంటరిగా ఉండేవారు. బడిలో ఆయాగా చేసి మానేశారు. ఎదురింటి సత్యవతి భర్త గల్ఫ్‌లో పరంజా మీదనుంచి పడి, నడుం చచ్చుబడి ఇంటికొచ్చాడు. ఎవరో చేతబడి చేశారన్నారు. గంప నడిపించే ఒకాయన్ని పొరుగూరి నుంచి పిలిపించారు. గంప ఎవరి ముందు ఆగితే చేసింది వాళ్లేనట. బోర్లించిన గంప వాకిట్లో పాక్కుంటూ వెళ్లి సుగుణమ్మ గారి ముందు ఆగింది. మర్నాటి నుంచి వీధి పంపు దగ్గర ఆవిడను బిందె పెట్టనివ్వలేదు.

గంప నడవడానికి శక్తులెందుకు? నా దగ్గర ఒక రిమోట్ కారు ఉంది. సభల్లో దాన్ని గంప కింద పెట్టి, ఎవరి ముందు కావాలంటే వారి ముందు ఆపి, తరవాత గంప ఎత్తి చూపించేవాణ్ణి. జనం పగలబడి నవ్వేవారు. అయితే అంతకుముందే కొత్తపేట సభలో ఆ కారు వేదిక అంచు దాటి సిమెంటు మీద తలకిందులుగా పడింది. ముందు చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీ విరిగింది. చక్రాలను పక్కకు తిప్పే చిన్న మోటారులో ప్లాస్టిక్ పళ్లు రాలిపోయాయి.

రాజోలులో మోటార్ వైండింగ్ షాపు నడిపే ప్రసాదు నా స్నేహితుడు. ఇద్దరం దాన్ని బల్లమీద విప్పాం. ఒక మనిషి పరువు దీనిమీద ఉంది కదా అని ఈసారి అన్నీ గట్టివే తెప్పించాం. ఇనప పళ్ల మోటార్లు, అల్యూమినియం కడ్డీలు, మెత్తటి రబ్బరు టైర్లు, పెద్ద బ్యాటరీ, కొత్త రిమోట్, దాని సంకేతం అందుకునే కొత్త పెట్టె. పాతదాంట్లో మిగిలింది అడుగు పలక ఒక్కటే.

"మాస్టారూ, ఇదింక కారు కాదండి, ట్రాక్టరు," అన్నాడు ప్రసాదు.

షాపు గచ్చు మీద సుద్దతో గీత గీసి రెండు రోజులు నడిపాం. ప్రతిసారీ గీత మీదే ఆగింది.

ఆ ఊళ్లోనే సభ పెట్టి గంప గుట్టు విప్పుదామంటే, సుగుణమ్మ గారు మాత్రం రానన్నారు.

"ఒద్దండి మాస్టారూ. నన్ను నలుగురిలో కూర్చోబెట్టకండి. పంపు దగ్గర రెండు బిందెలు పట్టుకోనిస్తే చాలండి."

"రెండు బిందెలేంటమ్మా, ఊరే వచ్చి మీకు క్షమాపణ చెబుతుంది," అన్నాను.

ఆవిడ చీర కొంగు మడత మీద మడత పెట్టారు. "ఆయ్," అన్నారు చివరికి.

ఆదివారం మధ్యాహ్నం, నాలుగు గంటలు. కమ్యూనిటీ హాలు ముందు సిమెంటు గచ్చు. జనం గుండ్రంగా నిలబడ్డారు. సుగుణమ్మ గారు ఒక పక్క ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నారు. ఆవిడకు ఎదురుగా, అవతలి పక్క నేను. గంపను మొదట నా ముందే ఆపాలని నా పథకం. నేరస్తుణ్ణి నేనేనని గంప చెబితే ఊరు నవ్వుతుంది. నవ్విన ఊరు రాళ్లు వెయ్యదు.

రిమోట్ నొక్కాను. గంప నావైపు రెండు అడుగులు వచ్చింది. పూర్తిగా వెనక్కి తిరిగింది. వెళ్లి ఆవిడ కుర్చీ ముందు ఆగింది.

సంకేతం అందలేదనుకున్నాను. గంపను మధ్యకు తెచ్చి మళ్లీ నొక్కాను. మళ్లీ అక్కడికే వెళ్లింది.

వెంటనే గంప ఎత్తేశాను. "ఇదిగో, బొమ్మ కారు! ఇంతే మాయ!" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

అక్కడితో ఆపి ఉండాల్సింది. నాకు కోపం వచ్చింది. కారును మధ్యలో పెట్టి, బ్యాటరీ పీకి నా చొక్కా జేబులో వేసుకున్నాను. రిమోట్ ప్రసాదు చేతికిచ్చాను. గంప బోర్లించి పదడుగులు వెనక్కి వచ్చాను.

"ఇప్పుడు నడవమనండి! ఏ శక్తి ఉందో దాన్నే పిలవండి!" అని అరిచాను.

గంప నడిచింది.

మొదటి రెండుసార్లూ మోటారు గుయ్‌మంది. ఈసారి ఆ చప్పుడు లేదు. రబ్బరు సిమెంటు మీద రాసుకుంటున్న చప్పుడు ఒక్కటే. మెల్లగా వెళ్లి, గంప అంచు సుగుణమ్మ గారి కాలి వేలికి తగిలి ఆగింది. బ్యాటరీ బరువు నా జేబులోనే ఉంది.

"మాస్టారి బొమ్మ కూడా అదే చెప్పిందండి," అంది సత్యవతి.

సుగుణమ్మ గారు వంగి గంప తీశారు. కారును చూశారు. తరవాత నన్ను చూశారు.

"బాగానే బాగుచేసేరండి," అని లేచి వెళ్లిపోయారు.

మూడోనాడు ఎవరో ఆవిడ బిందె పగలగొట్టారు. ఐదోనాడు రాయి తగిలి కనుబొమ చిట్లింది. పోలీసులకు చెబుదామని సాక్షుల కోసం ఇల్లిల్లూ తిరిగాను. "కళ్లారా చూసేం కదండీ, మీరే కదండీ చూపించేరు," అన్నారు మర్యాదగా. ఒకావిడ కాఫీ కూడా ఇచ్చింది. వారం తిరగకుండా సుగుణమ్మ గారు ఇంటికి తాళం వేసుకుని మురమళ్ళలో అక్కగారింటికి వెళ్లిపోయారు. క్షమాపణ అడగడానికి వెళితే తలుపు తియ్యలేదు.

గచ్చు వాలుగా ఉందేమోనని ఒక బిందె నీళ్లు పోసి చూశాను. నీళ్లు ఆవిడ కూర్చున్న చోటికి ఎదురు దిక్కుకు పారాయి. గంపకు దారం లేదు. గాలి లేదు. బ్యాటరీ లేకుండా ఆ ఇనప పళ్ల మీద చక్రం తిరగాలంటే చేత్తో తొయ్యాల్సిందే. కారును ప్రసాదు మూడుసార్లు విప్పాడు, ఏమీ దొరకలేదు. అది ఎలా నడిచిందో నాకు తెలియదు. ఇవాళ్టికీ తెలియదు.

కానీ ఒకటి తెలుసు. గంప నడిచిందన్నది నిజం. సత్యవతి భర్త నడుం విరిచింది సుగుణమ్మ గారన్నది అబద్ధం. అతను నడుముకు తాడు లేకుండా పరంజా ఎక్కాడు, పడ్డాడు. మొదటిది నాకు అర్థం కాలేదు కాబట్టి రెండోది నిజమైపోదు.

మీ ఊళ్లో గంప తిరిగితే, అది ఎవరి ముందు ఆగుతుందో చూడ్డానికి నిలబడకండి. అక్కడికక్కడే తొక్కి విరగ్గొట్టండి, నా గంపయినా సరే. తరవాత పంపు దగ్గరికి వెళ్లి, మీ బిందె పక్కకు జరిపి, ఆవిడ బిందె ముందు పెట్టండి.