ఎర్ర గీత

నిన్న నారాయణగూడలో జిరాక్స్ షాపు ముందు నిలబడితే, లోపలి పాత కంప్యూటర్ ఫ్యాను గుర్రుమంది, వేడి దుమ్ము వాసన నా మొహాన కొట్టింది. సుజాత మేడం పక్కనే నిలుచున్నట్టు అనిపించింది.

మా ఆయన చనిపోయిన ఏడాది అశోక్‌నగర్‌లో, జావా అనే కంప్యూటర్ భాష నేర్పే ఇన్‌స్టిట్యూట్‌లో ఊడ్చే పనికి కుదిరాను. ఊరికి వచ్చి తమ ఇంట్లో పడి ఉండమని మా మరిది మల్లేశం కబురు మీద కబురు పెడుతున్నాడు. నాకేమో నా కష్టం మీద ఇక్కడే బతకాలని. మేడం అక్కడ జావా చెప్పేది. పిల్లలు రాకముందే అన్ని కంప్యూటర్లలో జావా రాసే సాఫ్ట్‌వేర్ తెరిచి పెట్టడం నాకు నేర్పింది. అది ఎంత బరువైనదంటే, తెరుచుకోవడానికే చాలాసేపు పట్టేది.

ఒకరోజు ఒక పిల్లవాడు విసుక్కున్నాడు. "మేడం, ఇది తెరుచుకునేలోపు చిక్కడపల్లి పోయి ఇడ్లీ తినొస్త."

"తినిరా నాయనా. నువ్వొచ్చేలోపు అది ఫైళ్లన్నీ చదువుకుంటది. నువ్వైతే ఒక్కటి గూడ చదవవు."

ఇంకోరోజు మేడం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఏదో రాయసాగింది. సగంలోనే అక్షరాల కింద ఎర్ర గీత వచ్చింది.

"తప్పు పోయిందా మేడం?"

"లేదు నర్సమ్మా, ఇంక రాస్తనే ఉన్న. పూర్తిగాకముందే గీత పెట్టుడు దీని అలవాటు. చూసి మనం ఆగొద్దు."

చివరి చుక్క పెట్టేసరికి గీత మాయమైంది. ఇంకేదో నొక్కితే కింద కొన్ని అక్షరాలు వచ్చాయి. నా పేరేనట. నాకు చదవరాకపోయినా చాలాసేపు చూశాను.

ఆ వారమే మల్లేశం నేరుగా అక్కడికే వచ్చాడు.

"వదినా, మొగుడు పోయినంక పట్నంల ఒక్కదానివి ఏం జేస్తవ్? జనం ఏమంటున్నరో ఎరికేనా?"

"జనం సగంలనే గీత పెడ్తున్నరు మల్లేశం. నాది ఇంక పూర్తిగాలే."

"ఏంది వదినా, కంప్యూటర్ గాలి సోకిందా?"

అటు తిరిగి కూర్చున్న మేడం భుజాలు నవ్వుతో కదిలాయి. నేను వాడికి చాయ్ పోసి ఇచ్చాను. తాగి, గోడకు తగిలించిన నా సంచి వైపు ఒకసారి చూసి, నేను దాన్ని అందుకోకపోయేసరికి ఒక్కడే ఊరి బస్సెక్కాడు.

తర్వాత ఇన్‌స్టిట్యూట్ మూతపడింది, మేడం బర్కత్‌పుర ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్లింది. నేను ఇక్కడే ఉన్నాను, వేరేచోట పని చేసుకుంటూ. ఇప్పటికీ ఎవరైనా మొహం చిట్లిస్తే చేతిలో పని ఆపను. అది పూర్తి చేశాకే తలెత్తి చూస్తాను, వాళ్ల మొహాన గీత ఉందో పోయిందో.