షెడ్డులో కెమెరా లేదు

నాకు అనుమానం ఎక్కువని ఇంట్లో అందరూ అంటారు. పాలవాడు పాలు కొలుస్తుంటే నేను గిన్నె వైపు కాకుండా వాడి బొటనవేలి వైపు చూస్తానని మా ఆయన ఎగతాళి చేస్తాడు. చూస్తాను. చూడబట్టే మా ఇంటికి నిండు కొలత వస్తోంది. ఇంత అనుమానం ఉన్న నాకు కూడా మా పుట్టింటి వీధి చివర స్తంభం మీదున్న కెమెరాను అనుమానించాలని ఎన్నడూ తోచలేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మాది వేములవాడ దాటాక వచ్చే నేత ఊరు. పెళ్లయ్యాక కరీంనగర్ వచ్చి, ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతున్నాను. బాపు, అంటే మా నాన్న, మాత్రం ఊళ్లోనే ఉండి ఇప్పటికీ సాంచాల మీద పని చేస్తాడు. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. షెడ్డులో అవన్నీ ఒక్కసారి నడుస్తుంటే పక్క మనిషి గొంతు చించుకున్నా వినిపించదు. అందుకని మా వాళ్లు గొంతు చించుకోరు. చప్పుడు లేకుండా పెదాలు మాత్రం కదిలిస్తారు, కొంచెం సాగదీసి, కళ్లనూ కనుబొమలనూ సాయం తెచ్చుకుని. ఆ చివరి సాంచ దగ్గరి మనిషి ఈ చివర మనిషి మూతి చూసి జవాబిస్తాడు. బియ్యం ధర, కోడలి అలక, చిట్టీ గొడవ అన్నీ అలాగే నడుస్తాయి. మా ఇంట్లో దాన్ని మూతి మాట అనేవాళ్లం. నేనూ తమ్ముడూ బడి వదలగానే షెడ్డుకే పోయేవాళ్లం కాబట్టి మామూలు మాటలతో పాటే అదీ వచ్చేసింది.

అవ్వ, అంటే మా అమ్మ, అదే చప్పుడులో కూర్చుని ఏళ్ల తరబడి కండెలు చుట్టింది. నూలు కండెల మీదికి ఎక్కింది, చెవులు పోయాయి. ఇప్పుడామెకు మూతి మాట తప్ప వేరే మాట లేదు. అయినా ఏం లోటు లేదు. సాయంత్రం అరుగు మీద కూర్చుంటే దారిన పోయే ప్రతివాళ్లూ ఒక్క క్షణం ఆగి, పెదాలు కదిలించి పోతారు. అవ్వ పడీ పడీ నవ్వుతుంది. కొత్తవాళ్లు చూస్తే మా వీధి వీధంతా మూగదనుకుంటారు.

మూతి మాటకు ఇంకో లాభం ఉంది. ఆసామి, అంటే సాంచాల యజమాని, పక్కనే ఉన్నా, పోలీసు నిలబడ్డా, గుట్టు మాట గుట్టుగానే ఉంటుంది. ఎంత రహస్యమైతే మా వాళ్లు అంతగా గొంతు దించేస్తారు, మూతి అంతగా సాగదీస్తారు.

ఆ వీధిలో కెమెరాలు పెట్టినప్పుడు దొంగతనాలు తగ్గుతాయని చెబితే నమ్మి వీధివాళ్లమే చందాలు వేసుకున్నాం. స్తంభానికి కొబ్బరికాయ కూడా కొట్టాం. గోడలకు చెవులుంటాయని పెద్దలన్నారు గానీ కెమెరాకు చెవులు లేవని ఆ బిగించినవాడే చెప్పాడు. ఇక మా వాళ్లకు భయమెందుకు? ఆ స్తంభం కిందనే చాయ్ హోటలు. కూలి పెంచాలని సమ్మె మాట మొదలైంది అక్కడే. ఎవరి చెవినా పడకూడదని, మూతి మాటతోనే.

తమ్ముడికి ఆ కెమెరాలు చూసే కొలువు దొరికింది. ఆ ఆఫీసు పేరు చెప్పను, ఏ ఊళ్లో ఉందో కూడా చెప్పను. గోడ నిండా టీవీలుంటాయని, చుట్టుపక్కల ఊళ్ల చౌరస్తాలన్నీ అందులో కనబడతాయని వాడే గొప్పగా చెప్పాడు. కాంట్రాక్టు కొలువే అయినా ఏసీ గది, కుర్చీ. సాంచాల దుమ్ము లేదు. అవ్వ మురిసిపోయింది.

ఆ రోజుల్లో నాకు గర్భసంచి తీసేయాలన్నారు డాక్టరమ్మ. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మా ఆయన కంగారు మనిషి, బాపుకు అప్పటికే ఊళ్లో తలనొప్పులున్నాయి. మా బడిలో లెక్కలు చెప్పే టీచరుకు ఒక్కదానికే చెప్పాను, బడి ముందు చౌరస్తాలో ఆటో కోసం నిలబడి. దారిలో జనం ఉన్నారు కదాని గొంతు దించేశాను. అలవాటు.

కొన్నాళ్లకు తమ్ముడు ఫోన్ చేశాడు.

"ఆపరేషన్ ఎన్నడక్కా? నాకు సుత చెప్పకపోతివి."

ఎవరు చెప్పార్రా అంటే "ఎవ్వలో చెప్పిన్రు తీయ్" అని పెట్టేశాడు. అప్పటి నుంచి నాలో అనుమానం పెనుభూతమై కూర్చుంది. ముందు లెక్కల టీచరును అనుమానించాను. ఆమెతో కలిసి అన్నం తినడం మానేశాను. తరవాత ఆసుపత్రిలో చీటీ రాసే అమ్మాయిని. ఆ తరవాత నా ఫోన్‌ను. దాన్ని బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసి, వంటింట్లో మాట్లాడుకునేవాళ్లం. మా ఆయన నన్ను డాక్టరుకు చూపించాలన్నాడు, ఆ ఆపరేషన్ సంగతి తెలియకుండానే.

ఒక ఆదివారం తమ్ముడు ఇంటికొస్తే అన్నం పెట్టి, ఎదురుగా కూర్చున్నాను.

"చెప్పు. చెప్పేదాక చెయ్యి కడుగనియ్య."

వాడు ముద్ద కలుపుతూనే ఉన్నాడు. చివరికి తల ఎత్తకుండా అన్నాడు.

"నీ మూతి చూసిన అక్కా. టీవీల."

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ఒళ్లు మండిపోయింది. నా కడుపులోని సంగతి, నా మొగుడికి కూడా చెప్పని సంగతి, ఏసీ గదిలో కూర్చుని నా తోడబుట్టినవాడు చదివాడు. చదవాలని చదవలేదట. అక్క కనబడితే సంతోషమై దగ్గరికి లాగి చూశాడట. ఆ కెమెరా అంత దూరం నుంచి మూతి మీది పుట్టుమచ్చ కూడా చూపిస్తుందట.

"ఇంకెవ్వల మూతులు చూస్తున్నవ్ రా?" అన్నాను.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. కొలువులో చేరిన కొత్తలో టీవీలో ఒక జంట కొట్లాడుకుంటుంటే, వాళ్లేమంటున్నారో తోటివాళ్లకు నవ్వులాటగా చెప్పాడట. వెనక నుంచి పెద్దసారు విన్నాడు. మర్నాడు వాడి కుర్చీ మార్చారు. మా ఊరి చౌరస్తా, ఆ చాయ్ హోటలు, అన్నిటికన్నా ముందు అదే చూడమన్నారు.

"మొదట్ల నాకు సుత మంచిగనే అనిపించిందక్కా. సారు భుజం తట్టిండు. నీ అసొంటోడు ఇంకొకడు దొరుకడు అన్నడు. సమ్మె గురించి ఎవ్వలేమన్నా నేను చెప్తుంటి. ఊకె అడుగుతున్నరనుకున్న."

ఊరికే అడుగుతున్నారట! మా ఊళ్లో ఏం జరుగుతోందో వీడికి తెలియదు. నాకు తెలుసు. సమ్మె కోసం ఎవరెవరు తిరగాలో హోటలు దగ్గర అనుకున్నారో లేదో, వాళ్ల పెళ్లాలకన్నా ముందు ఆఫీసుల్లో తెలిసిపోతోంది. ఒక్కొక్కరినీ పిలిపించి, ఎవరు ఏమన్నారో మాటకు మాట అప్పజెప్పి, బెదిరించి పంపుతున్నారు. లోపలి మనిషెవడో మాటలు మోస్తున్నాడని ఊరు తేల్చుకుంది. ఎవడి కొడుకు ఆ ఆఫీసులో ఉన్నాడో వాడి మీద, అంటే బాపు మీద, పడింది అనుమానం.

ఇన్ఫార్మర్ అనే మాట మా జిల్లాలో తేలిక మాట కాదు. నా చిన్నతనంలో ఆ మాట పడ్డ మనిషి పొద్దున లేస్తాడో లేడో తెలిసేది కాదు. ఆ రోజులు పోయాయి గానీ మాట బరువు పోలేదు. కిందటిసారి నేను ఊరికి పోయినప్పుడు బాపుకు సద్ది ఇవ్వడానికి షెడ్డుకు వెళ్లాను. సాంచాలు నడుస్తున్నాయి, అందరి పెదాలూ కదులుతున్నాయి. బాపు తల తిప్పిన వైపల్లా ముఖాలు పక్కకు తిరిగిపోయాయి. షెడ్డులో మనిషిని వెలేయడానికి వేరే శిక్ష అక్కర్లేదు, మూతి చూపించకపోతే చాలు.

ఇదంతా తమ్ముడికి చెప్పాను. బాపు వాడికి ఒక్క ముక్క చెప్పలేదు, కొడుకు కొలువుకు ఎక్కడ అడ్డమొస్తుందోనని. వాడు కంచం ముందు నుంచి లేచిపోయాడు. చేతికంటిన అన్నం చేతికే ఎండిపోయింది.

"నేను పోయి చెప్తా," అన్నాడు.

"చెప్తే నౌకరి ఉంటదా?"

"ఉండది. బాపు మీద ఆ మాట ఉంటే నేనెట్ల ఉంటనక్కా?"

ఆ వారంలోనే వాడికి సెలవు దొరికిన రోజున ఇద్దరం వేములవాడ మీదుగా ఊరికి పోయాం. బస్సులో వాడితో మాట్లాడుతూ నేను చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాను. బస్సులో కెమెరా లేదక్కా అన్నాడు. నువ్వున్నవ్ కదరా అన్నాను. వాడు కిటికీ వైపు తిరిగాడు.

షెడ్డులో అడుగు పెట్టగానే ఒకతను మోటారు బంద్ చేయబోయాడు, ఏదో చెప్పడానికి వచ్చామని. తమ్ముడు వద్దని సైగ చేశాడు. నూలు మూట మీదికి ఎక్కి, అందరికీ కనబడేట్టు నిలబడ్డాడు. ఆ చప్పుడులోనే మొదలుపెట్టాడు, గొంతు లేకుండా.

"మా బాపు ఎవ్వలికి ఏం చెప్పలే. చెప్పింది నేను. హోటల్ కాడ మీ మూతులు చూసి చెప్పిన. కెమెరాకు చెవులు లేవు, గని దాని ఎనుక నేనున్న. ఇగ అక్కడ మాట్లాడకున్రి. నేను పోతే ఇంకొకన్ని తెస్తరు. మన దాంట్లనే తెస్తరు."

ఎవరూ కదల్లేదు. సాంచాలు మాత్రం నడుస్తున్నాయి. ఒకడి దగ్గర దారం తెగినా చూసుకోలేదు. బాపుతో ముందుగా మాట మానేసిన పెద్దమనిషి ఉన్నాడు. ఆయన తన సాంచ వదిలి, నడుచుకుంటూ బాపు ముందుకొచ్చి నిలబడ్డాడు. ముఖానికి ముఖం. పెదాలు కదిలాయి.

"పా, చాయ్ తాగొద్దాం."

బాపు కళ్లు తుడుచుకున్నాడు. కానీ మూట మీదున్న కొడుకు వైపు చూడలేదు. మేం బయటికొస్తుంటే కూడా చూడలేదు. గుమ్మం దగ్గర నేను వెనక్కి తిరిగితే మూతి కదిలించాడు, నాకే. "బుక్కెడు తిని పొమ్మను." కోపం అలాగే ఉంది, ఆకలి గుర్తుంది. నాకు అప్పుడు ఏడుపొచ్చింది.

మర్నాడు తమ్ముడు ఆఫీసుకు వెళ్తే లోపలికి రానివ్వలేదు. పెద్దసారు గేటు దగ్గరికే వచ్చాడట.

"నూలు మూట మీద నిలవడి ఏమేం చెప్పిన్నో సారు మాటకు మాట చెప్పిండక్కా. ఇంకొకన్ని తెస్తరు అన్నది సుత."

షెడ్డులో కెమెరా లేదు. వాడి మాటకు చప్పుడు లేదు. ఉన్నవాళ్లంతా మా వాళ్లే. దారం తెగినా చూసుకోనంతగా విన్నవాళ్లే. అందులో ఒకరు సాయంత్రానికల్లా మోసుకుపోయారు. ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. పెళ్లిళ్లలో ఆ ముఖాలు కనబడితే ఒక్కొక్కదాన్నీ చూస్తుంటాను. చాయ్‌కి పిలిచిన పెద్దమనిషిని కూడా వదల్లేదు. బాపుకు చెబితే తిట్టాడు.

కెమెరాల్లో మూతులు చూసి సమ్మె మాటలు పట్టుకుంటున్నారని పేపర్లో చిన్న ముక్క వచ్చింది. అలాంటిదేమీ లేదని, క్రమశిక్షణ లేని ఒక కాంట్రాక్టు మనిషిని తొలగించామని ఆఫీసువాళ్లు అన్నట్టు మర్నాడు అంతకన్నా చిన్న ముక్క వచ్చింది. తమ్ముణ్ణి అడుగుతూ ఎవరెవరో ఇంటికి రావడం మొదలయ్యాక వాడు ఊరు మారాడు. ఎక్కడున్నాడో రాయను. కాగజ్‌నగర్ అనుకుంటే అనుకోండి. ఒక చెప్పుల దుకాణంలో పని చేస్తున్నాడు. ఇక్కడ కాళ్లు చూస్తే చాలక్కా అంటాడు. వాడంటే నాకు ప్రాణమే, గర్వం కూడా. అయినా వీడియో కాల్ చేస్తే ఎత్తను.

మొన్న దసరా సెలవులకు ఊరికి పోయాను. చాయ్ హోటలు దగ్గర మగవాళ్లంతా తువ్వాల మూతికి చుట్టుకుని ఉన్నారు. ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుంటున్నారు. షెడ్డులో కూడా అంతేనని బాపు చెప్పాడు. అక్కడ కెమెరా భయం కాదు, మనిషి భయం. స్తంభాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మేం కొబ్బరికాయ కొట్టినప్పుడు పూసిన పసుపు మరక దాని కింద ఇంకా ఉంది.

అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. దారిన పోయేవాళ్లు ఆగడం లేదు. ఆగినా తువ్వాల వెనక ఏమంటున్నారో ఆమెకు తెలియడం లేదు. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుంది.

"అందరు మూతులెందుకు కట్టుకున్నరు బిడ్డా? మల్ల ఆ రోగమొచ్చిందా?"

కాదన్నట్టు తల ఊపాను. ఆమె కళ్లు నా మూతి కోసం వెతుకుతున్నాయి. అప్పుడు గమనించాను, నా కొంగు కూడా అడ్డంగానే ఉంది.

"తమ్ముడు ఏడున్నడు? ఎవ్వలు చెప్తలేరు. మీ బాపు సుత మొకం తిప్పుకుంటుండు."

చెప్పాలి. గొంతెత్తి చెబితే వీధంతా వింటుంది, ఆమె ఒక్కతే వినదు. కొంగు తీసి చెబుదామంటే ఎదురుగా స్తంభం. ఆమెను లేవదీసి ఇంట్లోకి తీసుకుపోయాను. తలుపు వేశాను. కిటికీ కూడా వేశాను. దీపం కింద కూర్చోబెట్టి, కొంగు తీసి, పెదాలు సాగదీసి చెప్పాను.

"మంచిగున్నడు అవ్వా. పని చేసుకుంటుండు. తింటుండు."

అవ్వ నా పెదాలను చివరిదాకా చూసింది. తరవాత మూసిన తలుపును చూసింది. ఆమె ముఖం పాలిపోయింది. మా ఇళ్లలో మనిషిని లోపలికి తీసుకుపోయి తలుపేసి చెప్పేది ఒక్క కబురే.

"మంచిగున్నడని చెప్పెటందుకు తలుపెందుకేసినవ్ బిడ్డా?" అంది. "నిజం చెప్పు. నా కొడుకు ఉన్నడా?"